అత్త గుహలో సీసా

బ్రియార్,
1978 సెప్టెంబరు 19

ఒడీల్ తల్లికి,

నాన్న రాసేది. మొదటి రోజు గడిచింది, నేను చావలేదు. పందెం కాసినవాళ్ళందరికీ ఈ మాట చెప్పు, ముఖ్యంగా రొట్టెల కొట్టు ఆవిడకి.

నది కిందికి పోతుంది కదా, గట్టు పట్టుకుని పోతే సైకిలు తనంతట తనే దొర్లుతుందనుకున్నాను. అరవై ఆరేళ్ళు లువార్ నది ఒడ్డున బతికినవాడికి రావలసిన ఆలోచన కాదు. నీళ్ళు సముద్రానికి పోతాయి, గాలి సముద్రం నుంచి వస్తుంది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా దానితో కుస్తీ పట్టాను. పెడలు తొక్కడం ఆపితే చాలు, సైకిలు ఇంటివైపు తిరుగుదామని చూస్తోంది.

నువ్వు నన్ను ఇంట్లోంచి గెంటేశావని ఊళ్ళో అనుకుంటారేమో. అననీ. అందులో కొంత నిజం లేకపోలేదు. "ఈ ఏడు కోత నా చేతిలో పెట్టావు కదా నాన్నా, అయితే ద్రాక్షతోటలో నీ నీడ కూడా నాకు కనపడకూడదు" అన్నది నువ్వే. సరే, నీడని సైకిలెక్కించుకుని బయల్దేరాను. మీ ఓర్తాన్స్ అత్తని చూసి ఎన్నేళ్ళయిందో. సోమ్యూర్ దాకా సైకిలు మీద వెళ్ళాలని పెళ్ళికి ముందు నుంచీ అనుకుంటున్నదే.

కోత గురించి నేనేమీ చెప్పనన్నాను, చెప్పను. పడమటి వాలు కాయ మాత్రం వర్షం పడకముందే కోయించు. గానుగ బోల్టుకి నూనె పెట్టు. బూజు పట్టకుండా పీపాలకి గంధకం పొగ పెట్టించావా? ఇక ఒక్క ముక్క కూడా చెప్పను.

అత్తకని ఇచ్చిన నీ సీసా సంగతి బెంగపడకు. చాలా భద్రంగా ఉంది.

బ్లువా పోస్టాఫీసు చిరునామాకి రాయి, అక్కడ అడిగి తీసుకుంటాను.

కాళ్ళు మాత్రం ఇంకా తనవేనని నమ్ముతున్న
నాన్న


ఇల్లు,
సెప్టెంబరు 22

నాన్నా,

ఏమీ చెప్పనంటూ మూడు చెప్పావు. లెక్కపెట్టుకున్నాను. గానుగకి నూనె పెట్టాను, పీపాలకి పొగ పెట్టించాను. పడమటి వాలు కాయ ఇంకా నోట్లో పెట్టుకుంటే పళ్ళు పులిసిపోతున్నాయి. ఈ ఏడు వేసవే లేదు, కాయ ఎక్కడి నుంచి పండుతుంది? నేను ఆగుతాను. పిల్లి శాపాలకి ఉట్లు తెగవు, ఊరి మాటలకి కాయలు పండవు.

మాటలంటే గుర్తొచ్చింది. వైను వ్యాపారి మొర్వాన్ గారు వచ్చి వెళ్ళాడు. తోటంతా కలియదిరిగి, "ఒంటరి ఆడపిల్లకి ఇంత బరువెందుకమ్మా, కాయ తీగ మీద ఉండగానే మొత్తం నాకిచ్చెయ్యి, పదేళ్ళకి సంతకం చేస్తే కోత కూడా మా వాళ్ళే కోసుకుంటారు" అన్నాడు. ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచిస్తున్నాను నాన్నా. నీతో దాపరికం ఎందుకు.

పోయినేడు నువ్వు నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, ఆ కోత, ఆ వైను అంతా నేనే చేశాను. అందరికన్నా ఆలస్యంగా కోశాను, నీ సిమెంటు తొట్టిలో కాకుండా నానమ్మ పాత ఓకు పీపాల్లో పోశాను. నువ్వు గ్లాసు పుచ్చుకుని, గోడకేసి చూసి, "తాగొచ్చు" అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్ని నెలలు బతికాను. ఆ సీసాలు ఇంకా లేబులు లేకుండా పడి ఉన్నాయి.

కొత్తవాళ్ళు చేసిన వైనుని ఇంటి పెద్ద తాగి గ్లాసు ఖాళీ చేస్తేనే వాళ్ళ పేరు లేబులు మీదికి ఎక్కాలన్నది మన ఇంటి పద్ధతి, ఒప్పుకున్నాను. ఇప్పుడు ఇంటి పెద్ద ఓర్తాన్స్ అత్త. అత్త తాగితే మన ఇంటిపేరున్న లేబులు మీద "వతీనియే, తండ్రీ కొడుకులు" అన్నది తీసేసి "తండ్రీ కూతురు" అని వేయించాలి. నీకు కొడుకే లేడు, ఆ కొడుకువి నువ్వే, తాతయ్య పోయి ఇరవై ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ ఆ లేబులు మీద ఎవరితో ఎవరు వ్యాపారం చేస్తున్నట్టు?

సీసాని పీపాలు చేసే లేయోన్ వ్యానులో పంపమన్నాను, పంపావు కదా? ఆయన మంగళవారమే సోమ్యూర్ వెళ్ళాడు. నువ్వు చేరేసరికి అది అత్త ఇంటి కొండ గుహలో పది రోజులు నిద్రపోయి తేరుకుని ఉంటుంది. చక్కగా తీసి తాగడమే.

మేకపాల జున్ను రెండు ముద్దలు నీ సంచిలో అడుగున పెట్టాను. ఎండలో ఉంచకు, సైకిలెక్కినవాడి చుట్టుపక్కలకి ఎవరూ రారు.

నీ నీడ లేక హాయిగా, కొంచెం బోసిగా ఉన్న
ఒడీల్


వూవ్రే,
సెప్టెంబరు 26

ఒడీల్ తల్లికి,

బ్లువాలో నీ ఉత్తరం అందింది. జున్ను సంగతి నువ్వు ముందే చెప్పి ఉండాల్సింది. ఓర్లియాన్‌లో ఒక సత్రం ఆవిడ నన్ను గది మార్చి గుర్రాల కొట్టం పక్కన పడుకోబెట్టింది. కారణం ఇప్పుడు తెలిసింది.

ఇప్పటికి మూడు పంక్చర్లు, ఒక గొలుసు. తూర్ దగ్గరకొస్తుంటే రాళ్ళబాట మీద జారి పడ్డాను కూడా. కంగారుపడకు, ఏమీ పగల్లేదు. మోకాలు కొంచెం గీరుకుంది, అంతే. ఇక్కడొక తోట యజమాని గేటు దగ్గర కూర్చోబెట్టి కట్టు కట్టాడు. మనిషి మంచివాడే గాని ఆయన వైను తియ్యగా ఉంది. "ఇదేం వైనండీ, పళ్ళరసంలా ఉంది" అందామనుకున్నాను. కట్టు కడుతున్న మనిషిని అనలేక రెండు గ్లాసులు తాగాను. రెండో గ్లాసుకి అంత తియ్యగా అనిపించలేదు. మూడోదానికి నాకు పాట కూడా వచ్చింది.

ఆయనకి నలభై దాటిన కొడుకున్నాడు. ఇంకా తాళంచెవులు తండ్రి నడుముకే వేలాడుతున్నాయి. "వాడికింకా తెలీదండీ" అంటాడు, వాడు వింటుండగానే. ఆ కుర్రాడు, అంటే నెత్తి నెరిసిన కుర్రాడు, గ్లాసులు కడిగి వెళ్ళిపోయాడు. నాకెందుకో ఆ ఇంట్లో ఎక్కువసేపు కూర్చోబుద్ధి కాలేదు.

సీసా గురించి అడిగావు. నాకన్నా చల్లగా, నాకన్నా సుఖంగా ప్రయాణం చేసింది. ఇంకా ఏం కావాలి?

మొర్వాన్ దగ్గర సంతకాలు అవీ పెట్టకు. పెట్టాలంటే పెట్టు, కోత నీది. కాని పెట్టకు. ఇక నుంచి ఉత్తరాలు అత్త ఇంటికే రాయి.

గాలి ఇంకా ఎదురుగానే వీస్తున్న
మీ నాన్న


ఇల్లు,
సెప్టెంబరు 28

నాన్నా,

పడ్డానని అంత తేలిగ్గా రాశావు. కిందటిసారి కూడా "కాలు కొంచెం మెలికపడింది" అన్నావు, డాక్టరు మూడుచోట్ల విరిగిందన్నాడు. అత్తకి మోకాలు చూపించు. చూపించకపోతే నేను ఆవిడకి విడిగా ఉత్తరం రాస్తాను.

ఇక్కడ నాలుగు రోజులుగా ఎండ కాస్తోంది. పొద్దుటిపూట మంచు, మధ్యాహ్నానికి మంచి ఎండ. ఇంకొక్క రెండు వారాలు ఇలాగే కాస్తే చాలు. పక్క తోటలవాళ్ళు కోతలు మొదలుపెట్టేశారు. వాళ్ళ గంపలు మన గేటు ముందు నుంచే పోతున్నాయి. "ఏమ్మా ఒడీల్, క్రిస్మస్‌కి కోస్తావా?" అని ఒకడు. "మీ నాన్న పారిపోయాడటగా" అని ఇంకొకడు. నవ్వేసి ఊరుకుంటున్నాను. వంటింట్లోకి వచ్చాక మాత్రం నవ్వు రావడం లేదు.

మొర్వాన్ గారు మళ్ళీ వచ్చాడు. అక్టోబరు ఏడు, శనివారం, అంతకుమించి ఆగనన్నాడు. ఆ రోజు కాగితాలు తెస్తాడు. వినాలంటే విను, నేను ఒక నిర్ణయం చేసుకున్నాను. అత్త గ్లాసు ఖాళీ చేస్తే సంతకం పెట్టను. మన కాయ మనమే కోసి, మన వైను మనమే చేద్దాం. అత్త సగంలో వదిలేస్తే మొర్వాన్‌కి ఇచ్చేస్తాను. వైను చెయ్యడం రానివాళ్ళు చెయ్యకూడదు. నువ్వు ముసలివాడివి అవుతున్నావు, నా తప్పులు నీ నెత్తిన రుద్దలేను.

అత్త నోరు మామూలు నోరు కాదని నాకూ తెలుసు. బిషప్పు గారు పోసిచ్చిన వైనుని ఆయన చూస్తుండగానే పూలకుండీలో పోసిన మనిషి. అందుకే ఆవిడ మాటే కావాలి నాకు. నువ్వైతే "తాగొచ్చు" అంటావు.

చేరగానే రాయి. ఒక్క ముక్క చాలు.

ఒడీల్


గుహ ఇల్లు, సోమ్యూర్ దగ్గర,
సెప్టెంబరు 30

ఒడీల్ తల్లికి,

చేరాను. మధ్యాహ్నం భోజనం వేళకి మీ అత్త గుమ్మంలో దిగాను. డెబ్భై నాలుగేళ్ళొచ్చినా ఆవిడ ఏమీ మారలేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఒరేయ్ బార్నబే, సైకిలు మీద వచ్చావా, సైకిలు నీ మీద వచ్చిందా?" అంది. అదే పలకరింపు.

ఇల్లు చాలావరకు కొండలోకే ఉంది కదా, లోపలికి అడుగు పెట్టగానే చెమటంతా ఆరిపోయింది. పొయ్యిలో ఉబ్బిన చిన్న రొట్టెలు చీల్చి, వాటిలో వేడివేడి చిక్కుడు గింజలు, పందిమాంసం పచ్చడి కూరి పెట్టింది. ఏడు తిన్నాను. ఎనిమిదోది తీసుకుంటుంటే చెయ్యి మీద కొట్టింది.

ఇక అసలు సంగతి. సీసా మీ అత్త చేతికొచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తి చూసింది. నాకేసి చూసింది. మళ్ళీ సీసాకేసి చూసింది. తల అడ్డంగా ఊపింది. దాన్ని పట్టుకుని గుహలోకి వెళ్ళి, బాగా వెనక, చివరి గూట్లో ఇసుక మీద పడుకోబెట్టి వచ్చింది. భోజనంలోకి తన వైనే పోసింది.

తెరవలేదు తల్లీ. ఎందుకని మాత్రం నన్ను అడగకు. నువ్వు ఒక్క మాట రాయమన్నావు కాబట్టి జరిగింది జరిగినట్టు రాశాను. తొందరపడకు. తొందరపడవద్దని మాత్రం గట్టిగా చెప్తున్నాను.

మోకాలికి మీ అత్త ఏదో ఆకు నూరి కట్టింది. మంటకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

మీ నాన్న


ఇల్లు,
అక్టోబరు 3

నాన్నా,

అర్థమైంది. నువ్వు అంత జాగ్రత్తగా మాటలు ఏరుకుని రాయక్కర్లేదు.

అత్త వెనక గూళ్ళ సంగతి మన చుట్టాలందరికీ తెలుసు. నచ్చనివన్నీ అక్కడికే పోతాయి, ఏడాది తిరిగేసరికి సలాడులోకి వినిగర్ అవుతాయి. నా చిన్నప్పుడు ఆ గూళ్ళకి "నరకం" అని పేరు పెట్టింది మనమే కదా. బిషప్పు గారి వైనైనా గ్లాసు దాకా వచ్చింది. నాది అది కూడా రాలేదు. చూసి, తల ఊపి, నరకంలో పెట్టేసింది. రంగు చూసే తెలిసిపోయిందేమో. ఆవిడకి తెలుస్తుంది.

లేయోన్ వ్యానులో పది రోజుల ముందే వెళ్ళిన సీసా అది. అలిసిపోయింది, ఇంకా తేరుకోలేదు అనుకోవడానికి కూడా వీల్లేదు. ఆ సాకు వెతుక్కుని చూశాను, దొరకలేదు.

నాకు కోపం లేదు. అబద్ధం, ఉంది, కాని నీ మీద కాదు. శనివారం మొర్వాన్ వస్తాడు. సంతకం పెడతాను. నువ్వు వచ్చేటప్పటికి పని ఏమీ ఉండదు, తోటలో నీ నీడ ఎంతసేపు కావాలంటే అంతసేపు తిరగొచ్చు.

అత్తకి నా నమస్కారాలు చెప్పు. నిజంగానే చెప్పు. తాగకుండా మొహమాటానికి మెచ్చుకునేకన్నా ఇదే నయం.

ఒడీల్


గుహ ఇల్లు,
అక్టోబరు 5, గురువారం

ఒడీల్ తల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. చదివి నేను కుర్చీలోంచి లేవలేదు. మీ అత్త లాక్కుని చదివింది. చదివి, నన్ను చూసిన చూపు నీకు రాయలేను. "ఒరేయ్, అమ్మాయికి నువ్వు చెప్పలేదా?" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను మోకాలు తడుముకున్నాను.

సీసా లేయోన్ వ్యానులో రాలేదు. నా సైకిలు మీద వచ్చింది.

ఇవ్వకూడదనుకోలేదు తల్లీ. మంగళవారం పొద్దున్న వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాను. లేయోన్ చెయ్యి చాచాడు. నేను సీసా ఇవ్వబోయాను. నా చెయ్యి వదల్లేదు. వాడు ఒక చేత్తో బండి నడుపుతాడు, రెండో చేత్తో సరుకు రుచి చూస్తాడు. నీ పేరు తేల్చబోయే సీసాని వాడి పీపాల మధ్య పడెయ్యడమా? "ఏమీ లేదు లేయోన్, ఊరికే చూసిపోదామని వచ్చాను" అని చెప్పి వచ్చేశాను. నా ఉన్ని లోపలి లాగుల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. నీతో చెప్తే తిడతావని చెప్పలేదు. ఇప్పుడు తిట్టు.

టెలిగ్రాం ఇద్దామని పరిగెత్తబోయాను. మీ అత్త పట్టుకుని కూర్చోబెట్టింది. "ఏమని ఇస్తావురా, సంతకం పెట్టకు అనా? అది చెప్పడానికి నువ్వెవరు? కోత ఆ పిల్లదన్నావుగా" అంది. కలం తనకిమ్మంటోంది, ఇస్తున్నాను.

ఒడీల్, అత్తని రాస్తున్నాను. మీ నాన్న గాడిద. ఇది నీకు తెలిసిందే గాని మళ్ళీ చెప్పడంలో తప్పు లేదు.

నీ వైను మా ఇంటికి వచ్చేసరికి ఎలా ఉందనుకున్నావు? పదకొండు రోజులు రాళ్ళబాటల మీద కుదిపి, గుంటల్లో ఎగరేసి, జున్ను వాసనలో నానబెట్టి తెచ్చాడు. లాగుల్లోంచి బయటికి తీస్తూ ముక్కు మూసుకున్నాను. తల ఊపింది వీడిని చూసి, సీసాని చూసి కాదు. కళ్ళు తిరుగుతున్న మనిషిని నిలబెట్టి పాట పాడమంటామా? వైను కూడా అంతే. రెండు వారాలు కదపకుండా పడుకోవాలి. వెనక గూట్లో ఎందుకు పెట్టానంటే, ముందు గూళ్ళ పక్కనే కొత్త రోడ్డు, లారీ పోయినప్పుడల్లా గోడ వణుకుతుంది. మీ నరకంలోనే ఇప్పుడు అన్నిటికన్నా ప్రశాంతంగా ఉంది.

కాబట్టి నేనింకా తాగలేదు. శనివారం లోపల తాగను కూడా. మొర్వాన్‌కి తొందరని నా నోరు తొందరపడదు. బాగుందో లేదో నాకు తెలియదు. నీ వైను, నువ్వు చేశావు, నీకు తెలియాలి.

ఇంకొక మాట. వీడు పడ్డది ఎడమవైపు. మోకాలు, మోచెయ్యి, చెవి కూడా గీరుకున్నాయి. సీసా ఉన్న సంచి కుడివైపు. దాని మీద దుమ్ము కూడా లేదు. చదివి నీకేమనిపిస్తుందో నువ్వే అనుకో.

ఓర్తాన్స్ అత్త

(నాన్న: చెవి సంగతి ఆవిడ రాయకుండా ఉండాల్సింది.)


ఇల్లు,
అక్టోబరు 8, ఆదివారం

నాన్నకి, అత్తకి,

శనివారం ఏం జరిగిందో వరసగా చెప్తాను, అడ్డం రాకండి.

శుక్రవారం సాయంత్రం వంటింట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. పొద్దున్నే సంతకం. పోయేదాన్ని సాగనంపినట్టు సాగనంపుదామని, లేబులు లేని సీసాల్లోంచి ఒకటి తెచ్చి తీశాను. జున్ను, రొట్టె పెట్టుకున్నాను. గ్లాసు పోసుకుని తాగాను. తప్పులు వెతుకుదామనే తాగాను. ఆలస్యంగా కోసినందుకు ఎక్కడైనా బరువుగా ఉందా, పాత పీపా వాసన ముందుకొచ్చిందా అని చూశాను. చూస్తూ చూస్తూ గ్లాసు అయిపోయింది. రెండోది పోసుకున్నాను. అప్పుడు తప్పులు వెతకడం మర్చిపోయాను. నాన్నా, అది మన కొండ. పొద్దుటి మంచులో చెకుముకి రాళ్ళ మీద నడుస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. అది నేను చేశాను. నాకు ఏడుపొచ్చింది, తర్వాత ఆకలేసింది, జున్నంతా తినేశాను.

శనివారం పదింటికి మొర్వాన్ గారు వచ్చాడు. బల్ల మీద కాగితాలు పరిచి, కలం మూత తీసి నా చేతికిచ్చాడు. "అమ్మనండీ" అన్నాను.

ఆయన నవ్వాడు. "కోపంలో ఉన్నట్టున్నావు. మీ నాన్న వచ్చాక మాట్లాడుకుందాంలే" అన్నాడు.

"నాన్న వచ్చినా ఇదే మాట. ఇప్పుడు మీరు మాట్లాడుతోంది తోట యజమానితోనే" అన్నాను.

"మీ అత్త ఇంకా తాగనైనా లేదటగా" అన్నాడు. ఈ ఊళ్ళో ఎవరికి ఏది తెలియదు గనక.

"తాగకపోతే ఆవిడ నష్టం" అన్నాను.

అత్తా, క్షమించు. ఆ మాట అన్నప్పుడు నీ ఉత్తరం నాకింకా అందలేదు. మొర్వాన్ కారు మలుపు తిరిగాక పోస్టుమాన్ వచ్చాడు. గుమ్మంలో నిలబడే చదివాను. లోపలి లాగుల దగ్గరికొచ్చేసరికి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎవరైనా పోయారేమోనని పోస్టుమాన్ టోపీ తీశాడు పాపం. నవ్వుతున్నానని తెలియడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది.

నాన్నా, తిట్టమన్నావు. నిన్నటి నుంచి ప్రయత్నిస్తున్నాను. కుడివైపు సంచి గుర్తొస్తోంది, తిట్టు రావడం లేదు.

గురువారం నుంచి కోత. కాయ బంగారం రంగుకొచ్చింది. పక్క తోటవాడు గేటు దగ్గర ఆగి, కంచెలోంచి ఒక పండు కోసుకు తిని, ఇంకోటి కోసుకుని వెళ్ళిపోయాడు. నువ్వు రావద్దు. మోకాలు మానేదాకా అక్కడే ఉండు. సలహాలు ఉత్తరంలో రాసి, చించి పారెయ్యి.

తోట యజమాని
ఒడీల్


గుహ ఇల్లు,
అక్టోబరు 16

ఒడీల్ తల్లికి,

నిన్న ఆదివారం పూజ నుంచి వచ్చాక మీ అత్త ఎప్రను కట్టుకుని గుహలోకి వెళ్ళింది. నీ సీసాని పసిబిడ్డని తెచ్చినట్టు రెండు చేతుల్లో తెచ్చింది. నన్ను దానికి రెండు గజాల దూరంలో కూర్చోమంది.

బిరడా తీసింది. వాసన చూసింది. పోసుకుని తాగింది. గ్లాసు ఖాళీ అయింది. నాకు చెప్పకుండానే ఇంకోటి పోసుకుంది, అదీ ఖాళీ అయింది. మూడోది పోసుకుంటుంటే నేను సీసాకేసి చెయ్యి చాచాను. చెయ్యి మీద కొట్టింది. "నువ్వు నీళ్ళు తాగు. దీన్ని గుంటల్లో ఎగరేసినప్పుడు అడిగావా?" అంది. చివరికి ఎలాగో అర గ్లాసు దక్కింది.

"లేబులు సంగతి చూడరా ఇక" అంది.

నేను కోటు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. "తోట యజమాని" అని నువ్వు సంతకం పెట్టిన ఉత్తరం అందిన రోజే సోమ్యూర్‌లో అచ్చుకొట్టు వాడి దగ్గరికి వెళ్ళాను. "కొడుకులు అని మా దగ్గర అచ్చు దిమ్మ తయారుగా ఉందండీ, కూతురికి లేదు, కొత్తగా చెక్కాలి" అన్నాడు. చెక్కమన్నాను. నిలబడి చెక్కించాను.

మీ అత్త అద్దాలు పెట్టుకుని చదివింది. "వతీనియే, తండ్రీ కూతురు." వెనక్కి తిప్పి చూసింది. సిరా ఆరి కొన్ని రోజులైందని ఆవిడకి తెలిసిపోయింది.

"నేను తాగకముందే అచ్చు వేయించావా?"

"వేయించాను."

"నేను ఉమ్మేసి ఉంటే ఏం చేసేవాడివిరా?"

"అక్క నోరు పాడైపోయిందని ఊరంతా చెప్పేవాణ్ణి" అన్నాను.

అరవై ఏళ్ళుగా ఆవిడకి ఎదురు చెప్పినవాణ్ణి కాదు. కొడుతుందనుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కొట్టలేదు. లేబులు వెనక నాలుకతో తడిపి, ఖాళీ సీసాకి అంటించి, బొటనవేలితో ఒత్తి, కిటికీలో నిలబెట్టింది. "అమ్మ పీపాలు. ఆ పీపాల్లో పోయడం మానేశావు కదరా నువ్వు" అంది. అవునన్నాను.

ఆ రోజు గ్లాసు పుచ్చుకుని గోడకేసి ఎందుకు చూశానో చెప్తాను తల్లీ. నా నలభై కోతల్లో ఒక్కటీ అలా రాలేదు. ఆ మాట నీ మొహం చూసి అంటే ఏడుస్తానని భయమేసి "తాగొచ్చు" అన్నాను. ఇప్పుడు ఇంత దూరంలో ఉన్నాను కనుక రాయగలుగుతున్నాను. చాలా బాగుంది. నాకన్నా బాగా చేశావు.

లేబులు ఒకటి ఇందులో పెడుతున్నాను, మడతపడకుండా తియ్యి. మిగతా కట్ట నాతో తెస్తాను. మోకాలు మానింది. వచ్చే ఆదివారం మళ్ళీ సైకిలెక్కుదామనుకుంటున్నాను. ఈసారి గాలి వెనక నుంచి వీస్తుంది.

తండ్రీ కూతురులో మొదటివాడు


ఇల్లు,
అక్టోబరు 18

నాన్నా,

లేబులు వచ్చింది. మొదటి సీసాకి నేనే అంటించాను. వంకరగా వచ్చింది, కళ్ళు సరిగ్గా కనపడలేదు. దాన్ని అలాగే ఉంచేస్తాను. ఎవరికీ ఇవ్వను, తాగను.

కోత నిన్నటితో అయిపోయింది. ఒక్క చినుకు పడలేదు. రసం పీపాల్లో పొంగుతోంది, రాత్రీపగలూ గుసగుసమంటోంది. అత్తని కోత విందుకి తప్పకుండా తీసుకురా. ఆవిడకి కిటికీ పక్కన కుర్చీ, కొట్టడానికి దగ్గర్లో నీ చెయ్యి ఉండేట్టు చూస్తాను.

సైకిలు మాత్రం ఎక్కకు. లేయోన్ శనివారం అక్కడికి వస్తున్నాడు, సైకిల్ని అతని వ్యానులో వెయ్యి, ఈసారి చెయ్యి వదులు. మీరిద్దరూ రైల్లో రండి.

నీ మంచం ఉత్తరం వైపు గదిలో వేశాను. చల్లగా, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంటుంది. పీపాల గదికి బాగా దూరం. అంత దూరం ప్రయాణం చేసి వచ్చినవాళ్ళని రెండు వారాలు కదపకూడదు. మన ఇంటి పద్ధతి.

రెండోది